లిఫ్ట్ చాలు, పార్కింగ్ చాలదు

నా పుస్తకాల అల్మరాలో మూడో అరలో, నిఘంటువుల పక్కన ఒక నల్లటి పెట్టె ఉంటుంది. పొడవూ వెడల్పూ జానెడు లోపే. మందం మూడున్నర సెంటీమీటర్లు. అరకిలో మిఠాయి డబ్బా అంత ఉంటుంది. చెవి దగ్గరగా పెడితే తప్ప చప్పుడు వినపడదు. ఇది రాస్తున్న సమయానికి దాని లోపల ఏడు కంప్యూటర్లు నడుస్తున్నాయి. ఒకటి ఇంట్లో ఫోన్లూ టీవీ అడిగే వెబ్ చిరునామాలు వెతికిపెడుతుంది. ఒకటి ఇంటిల్లిపాది ఫొటోలూ దాచిపెడుతుంది. ఒకటి విండోస్ సర్వర్. మూడు కలిసి కుబర్నెటీస్ క్లస్టర్, అంటే ప్రోగ్రాములను తమలో పంచుకుని నడిపే జట్టు. ఏడోది ఏది కొత్తగా నేర్చుకోవాలన్నా నేను పాడుచేసుకునే లినక్స్. పాడైతే రెండు నిమిషాల్లో నిన్నటి స్థితికి తెచ్చుకుంటాను. ఏడింటికీ పేర్లు వేరు, నెట్‌వర్క్ చిరునామాలు వేరు, పాస్‌వర్డులు వేరు. ఒకటి కూలిపోతే పక్కదానికి ఆ సంగతే తెలియదు.

పోయినేడు మా పిన్ని కొడుకు ఒంగోలు నుంచి వచ్చి అమీర్‌పేటలో క్లౌడ్ కోర్సులో చేరాడు. ఒక ఆదివారం ఇంటికొచ్చి ఈ పెట్టె ముందు చాలాసేపు కూర్చున్నాడు.

"అన్నయ్యా, మాకు ల్యాబ్ రోజుకు రెండు గంటలే. ఇట్టాంటిది నేనూ పెట్టుకోవాలంటే ఏ ప్రాసెసర్ తీసుకోవాలి? ఐ7 సరిపోద్దా, ఐ9 కావాలా?"

ఈ పని మొదలుపెట్టే వాళ్లంతా మొట్టమొదట అడిగేది ప్రాసెసర్ గురించే. దుకాణంలో అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండేది అదే మరి. ఇంటి సర్వర్‌కు డబ్బు పెట్టాల్సిన వరసలో ప్రాసెసర్ చివరి నుంచి రెండోది అని చెప్తే వాడు నమ్మలేదు. నమ్మాలంటే ఒక్క యంత్రం ఏడుగా ఎలా నటిస్తుందో కొంచెం లోపలికి వెళ్లి చూడాలి.

ఒక కంప్యూటర్‌ను పలు కంప్యూటర్లుగా విడగొట్టడం కొత్త సంగతేమీ కాదు. ఐబీఎం వాళ్లు 1960లలోనే తమ పెద్ద యంత్రాల మీద ఈ పని చేశారు. 1972లో వీఎం/370 పేరుతో దాన్ని ఖాతాదారులకు ఇచ్చారు. 1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బెర్గ్ ఒక పరిశోధనా పత్రంలో అసలు ఏ ప్రాసెసర్‌ను ఇలా విడగొట్టగలమో తేల్చి చెప్పారు. వాళ్ల షరతు వినడానికి సులువే. యంత్రం మొత్తాన్నీ ప్రభావితం చేసే ఏ ఆజ్ఞనైనా మామూలు ప్రోగ్రాం ఇచ్చిందంటే, ప్రాసెసర్ అక్కడికక్కడ ఆగి పైఅధికారిని పిలవాలి. ఆ పైఅధికారినే హైపర్‌వైజర్ అంటాం. లోపలి వీఎం, అంటే వర్చువల్ మెషిన్, తానే రాజునని అనుకుంటూ ఆజ్ఞ ఇస్తుంది. హైపర్‌వైజర్ దాన్ని మధ్యలో పట్టుకుని, ఆ వీఎం వాటాకు మాత్రమే వర్తించేలా ఆ పని జరిపిస్తుంది.

మన ఇళ్లలో ఉండే ఇంటెల్ వంశపు ప్రాసెసర్లు చాలాకాలం ఈ షరతుకు నిలవలేదు. పెంటియంలో ఇలా తప్పించుకుపోయే ఆజ్ఞలు 17 ఉన్నాయని 2000లో ఇద్దరు పరిశోధకులు లెక్కతేల్చారు. వాటిలో పాప్‌ఎఫ్ అనే ఒక్కదాన్ని చూస్తే సమస్య అర్థమవుతుంది. బయటి నుంచి వచ్చే అంతరాయాలను ఆపమనో, రానివ్వమనో చెప్పడానికి ఆపరేటింగ్ సిస్టమ్ దీన్ని వాడుతుంది. అధికారం లేనివాడు దీన్ని ఇస్తే ప్రాసెసర్ తప్పని అరవదు, ఆగదు. ఆ ఒక్క భాగాన్ని వదిలేసి నిశ్శబ్దంగా ముందుకు పోతుంది. వీఎం తన పని జరిగిందనుకుంటుంది. హైపర్‌వైజర్‌కు కబురే అందదు. 1998లో పుట్టిన వీఎంవేర్ సంస్థ ఈ చిక్కును సాఫ్ట్‌వేర్‌తోనే దాటింది. ప్రమాదకరమైన ఆజ్ఞలను నడిచే ముందే వెతికి, వాటి స్థానంలో వేరేవి పెట్టి నడిపించింది. గొప్ప పనితనం అది. తర్వాత 2005 చివర్లో ఇంటెల్ వీటీ-ఎక్స్ పేరుతో, 2006లో ఏఎండీ తన పద్ధతిలో, ఈ సదుపాయాన్ని ప్రాసెసర్‌లోనే పెట్టాయి. వీఎంల మెమరీ చిరునామాలను కూడా హార్డ్‌వేరే అనువదించే ఏర్పాటు 2007, 2008లలో వచ్చింది. దాంతో వీఎం వేగానికీ అసలు యంత్రం వేగానికీ తేడా చాలా పనుల్లో గుర్తుపట్టలేనంత తగ్గింది.

కొనేవాడికి దీనివల్ల ఒరిగేదేమిటంటే, గడచిన పదేళ్లలో తయారైన డెస్క్‌టాప్ కోర్ ఐ5 ఏదైనా ఈ పరీక్ష పాసైనట్టే. చూసుకోవాల్సినవి రెండు. ఒకటి వీటీ-ఎక్స్. రెండోది వీటీ-డీ. నెట్‌వర్క్ కార్డు లాంటి నిజమైన పరికరాన్ని నేరుగా ఒక వీఎంకు అప్పగించాలంటే ఇది కావాలి. రెండూ ప్రాసెసర్‌లో ఉన్నా బయోస్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో, ఆపేసి ఉండొచ్చు. ఆఫీసుల్లో వాడిన యంత్రాల్లో అలా తరచుగా కనిపిస్తుంది. వీఎం మొదలవడం లేదని యంత్రాన్ని తిరిగిచ్చేసే ముందు బయోస్ తెరిచి చూడండి.

ఇక అసలు లెక్కకు వద్దాం. పది అంతస్తుల అపార్ట్‌మెంట్‌కు ఒకటో రెండో లిఫ్టులు సరిపోతాయి. నలభై కుటుంబాలూ ఒకే నిమిషంలో కిందికి దిగవు కాబట్టి. కార్ల పార్కింగ్ అలా కుదరదు. కారు నెల్లాళ్లు కదలకపోయినా దాని చోటు దానిదే. బిల్డర్ పది చోట్లు చూపించి నలభై ఫ్లాట్లు అమ్మితే మొదటి వారంలోనే గొడవ మొదలవుతుంది.

ప్రాసెసర్ లిఫ్ట్ లాంటిది, మెమరీ పార్కింగ్ లాంటిది. పనిలేని ఆపరేటింగ్ సిస్టమ్ ఊరికే చక్కర్లు కొట్టదు. హాల్ట్ అనే ఆజ్ఞ ఇచ్చి కునుకు తీస్తుంది. వీఎం లోపల ఆ ఆజ్ఞ వచ్చిన వెంటనే హైపర్‌వైజర్ ఆ కోర్‌ను లాక్కుని ఇంకో వీఎంకు ఇచ్చేస్తుంది. ఈ చేతులు మారడం సెకనుకు వందల, వేలసార్లు జరుగుతుంది. నా ఏడు వీఎంలకు నేను చూపించిన కోర్లు మొత్తం పదమూడు. పెట్టెలో నిజంగా ఉన్నవి ఆరు. అయినా రోజు మొత్తం మీద ప్రాసెసర్ వాడకం సగటు పది శాతం దాటదు. నేర్చుకోవడానికి పెట్టుకున్న ల్యాబ్‌లో యంత్రాలు ఎక్కువసేపు మన కోసం ఎదురుచూస్తూనే ఉంటాయి. వీడియోలు మార్చడం, పెద్ద ప్రోగ్రాములు కంపైల్ చేయడం రోజూ చేసేవాళ్ల సంగతి వేరు. వాళ్లు కోర్లకు డబ్బు పెట్టాల్సిందే.

మెమరీ దగ్గర ఈ ఉపాయం పారదు. కునుకు తీస్తున్న విండోస్ సర్వర్ కూడా తన నాలుగు జీబీల మీద పడుకునే కునుకు తీస్తుంది. నా పెట్టె లెక్క ఇది. హైపర్‌వైజర్‌కు రెండు జీబీలు. చిరునామాల వీఎంకు అర. ఫొటోలకు మూడు. విండోస్‌కు నాలుగు. క్లస్టర్‌లో ఒక్కోదానికి మూడు చొప్పున తొమ్మిది. ఆటలాడుకునే లినక్స్‌కు రెండు. అన్నీ కలిపి ఇరవైన్నర. పదహారు జీబీల యంత్రం ఎంత వేగంగలదైనా ఇక్కడ చేతులెత్తేస్తుంది. ముప్పైరెండు జీబీల పాత యంత్రం హాయిగా మోస్తుంది. నాకు ఇంకో మూడు, నాలుగు వీఎంలకు చోటు కూడా మిగిలింది.

మెమరీని పిండుకునే దారులు లేకపోలేదు. లినక్స్‌లో 2009 నుంచి ఒక ఏర్పాటు ఉంది. ఒకే రకం వీఎంలు మూడు నడుస్తుంటే మూడింటి మెమరీలోనూ ఒకే సమాచారం ఉన్న పేజీలు చాలా ఉంటాయి. వాటిని వెతికి ఒక్క ప్రతి మాత్రమే ఉంచి, ఎవరైనా దాన్ని మార్చబోతే అప్పుడు విడి ప్రతి తీసి ఇస్తుంది. ఒకేలాంటి వీఎంలు ఎక్కువగా ఉన్నచోట ఇది బాగా పనికొస్తుంది. వీఎం లోపల బెలూన్ అనే చిన్న ప్రోగ్రాంను ఉబ్బించి, అది ఆక్రమించినంత మెమరీని బయటకు తెచ్చుకునే పద్ధతి ఇంకొకటి. రెండూ ఇరుకును సర్దుకోవడానికే. వీటిని నమ్ముకుని తక్కువ మెమరీ కొంటే ఏదో ఒక రాత్రి మెమరీ చాలక లినక్స్ ఒక వీఎంను చంపేస్తుంది. అది సరిగ్గా మీకు కావలసిన వీఎమ్మే అవుతుంది, ఎందుకంటే ఎక్కువ మెమరీ పట్టినదాని మీదే దాని చూపు ముందు పడుతుంది.

మెమరీ కొనేటప్పుడు జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. పాత సర్వర్ల నుంచి తీసిన ర్యామ్ స్టిక్కులు మామూలు వాటికంటే చవగ్గా దొరుకుతుంటాయి. డీడీఆర్4లో అయితే వీటికీ డెస్క్‌టాప్ ర్యామ్‌కూ 288 పిన్నులే, చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. సర్వర్ స్టిక్కు మధ్యలో అదనంగా రిజిస్టర్ అనే చిప్ ఉంటుంది. ప్రాసెసర్ పంపే చిరునామా సంకేతాలను అది అందుకుని, మళ్లీ బలంగా మిగతా చిప్పులన్నిటికీ పంపుతుంది. అందుకే సర్వర్‌లో అన్ని స్టిక్కులు గుచ్చగలరు. మామూలు ఐ5కు ఆ రిజిస్టర్‌తో మాట్లాడటం రాదు. గుచ్చితే యంత్రం లేవదు, అంతే. నా మొదటి సంవత్సరంలో నాలుగు స్టిక్కులు అలా కొని, బోర్డు పాడైందనుకుని బోర్డు కూడా మార్చాను. చిన్న పెట్టెల్లో లాప్‌టాప్ రకం, 260 పిన్నుల పొట్టి స్టిక్కులు పడతాయి. కొనే ముందు యంత్రం మూత తీసి ఉన్న స్టిక్కు మీది చీటీ ఫొటో తీసుకువెళ్లడం మంచిది.

తప్పులు తనే దిద్దుకునే ఈసీసీ మెమరీ కావాలా అని చాలామంది అడుగుతారు. గూగుల్ తన సర్వర్లను రెండున్నరేళ్లపాటు గమనించి 2009లో ప్రచురించిన పరిశోధనలో, ఏడాదికి దాదాపు 8 శాతం స్టిక్కుల్లో దిద్దదగ్గ తప్పులు కనిపించాయని తేలింది. తప్పులు అన్ని స్టిక్కుల్లోనూ సమానంగా రాలేదు. ఒకసారి తప్పు చేసిన స్టిక్కే మళ్లీ మళ్లీ చేసింది. నా అభిప్రాయం, నేర్చుకునే ల్యాబ్‌కు ఈసీసీ కోసం రెట్టింపు ఖర్చు అవసరం లేదు. కొన్న రాత్రే మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టి తెల్లవార్లూ నడపండి. చెడ్డ స్టిక్కులు చాలావరకు ఆ ఒక్క రాత్రిలోనే బయటపడతాయి. పిల్లల ఫొటోలు కూడా అందులోనే పెట్టదలిస్తే, ముందు వాటికి వేరేచోట ఇంకో ప్రతి ఉండేలా చూసుకోండి.

మా తమ్ముడు రెండోవారం ఫోన్ చేసి ఆనందంగా చెప్పాడు. "అన్నయ్యా, సర్వర్ దొరికింది. రెండు జియాన్ ప్రాసెసర్లు, అరవైనాలుగు జీబీ, పెద్ద కంపెనీది. రేటు చూస్తే మతిపోద్ది." బీరువా అరల్లా ఒకదానిపై ఒకటి పేర్చే రాక్ సర్వర్ అది. పదేళ్ల కిందట డేటా సెంటర్‌లో పనిచేసి రిటైరైనది. నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో లెక్కతో చెప్పాను, ఆ లెక్క మీరూ చేసుకోవచ్చు.

ఒక వాట్ వాడే పరికరం ఏడాదంతా ఆగకుండా నడిస్తే 8.76 యూనిట్ల కరెంటు తాగుతుంది. రెండు ప్రాసెసర్లూ, నిండా మెమరీ, అరడజను ఫ్యాన్లూ ఉన్న ఆ తరం సర్వర్ ఏ పనీ లేకపోయినా 100 వాట్లు దాటడం మామూలే. 120 అనుకుందాం. ఏడాదికి 1,051 యూనిట్లు. నా చిన్న పెట్టె వీఎంలన్నీ నడుస్తుంటే గోడ దగ్గర మీటర్‌లో 15 వాట్లు చూపిస్తుంది. ఏడాదికి 131 యూనిట్లు. తేడా 920. యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకున్నా ఏడాదికి 7,360 రూపాయలు. రెండేళ్లు తిరిగేసరికి చవగ్గా వచ్చిందన్న సర్వర్ ఖరీదు కరెంటు బిల్లులోంచి మళ్లీ కట్టినట్టవుతుంది. ముప్పై రోజుల నెలకు చూస్తే ఆ సర్వర్ ఒక్కటే తినేది 86 యూనిట్లు. మన బిల్లులు శ్లాబుల ప్రకారం పెరుగుతాయి కాబట్టి కొత్తగా కలిసే యూనిట్లు ఎప్పుడూ పైశ్లాబు ధరకే పడతాయి. తెలంగాణలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హుల ఇళ్లకు బిల్లు సున్నా. 130 యూనిట్లు వాడుకునే అలాంటి ఇంట్లో ఈ 86 వచ్చి చేరితే ఆ గీత దాటిపోతుంది.

పని లేనప్పుడు కూడా అంత తినడం ఎందుకు? ప్రాసెసర్ పనిచేసేటప్పుడు తినే శక్తి దాని వేగాన్ని బట్టి నేరుగా, దానికి అందే వోల్టేజీని బట్టి వర్గంగా పెరుగుతుంది. వేగం తగ్గితే తక్కువ వోల్టేజీ సరిపోతుంది. కాబట్టి లాభం రెండువైపులా వస్తుంది. వోల్టేజీ 1.2 నుంచి 0.9కి, వేగం ఆరు పదోవంతులకు దిగితే శక్తి దాదాపు మూడోవంతుకు పడిపోతుంది. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ల పేరు చివర టి అనే అక్షరం ఉంటే ఈ సూత్రం మీదే పొదుపుగా నడిపించేదని అర్థం. ఐ5-8500టిలో ఆరు కోర్లు, రేటింగ్ 35 వాట్లు. పాత సర్వర్ ప్రాసెసర్లు కూడా కునుకు తీస్తాయి కానీ, వాటి చుట్టూ మెలకువగా ఉండేవి ఎక్కువ. డజను మెమరీ స్టిక్కులు, రెయిడ్ కార్డు, యంత్రం ఆపేసినా పనిచేసే నిర్వహణ చిప్, రెండు పవర్ సప్లైలు, ఫ్యాన్లు. పవర్ సప్లై సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 80 ప్లస్ ముద్ర కోసం దాన్ని సాధారణంగా 20, 50, 100 శాతం భారం దగ్గర పరీక్షిస్తారు. 750 వాట్ల సప్లై మీద 30 వాట్ల యంత్రం పెడితే భారం నాలుగు శాతం. ఆ ముద్ర ఇచ్చిన హామీ అక్కడిదాకా రాదు. అందుకే చిన్న యంత్రానికి లాప్‌టాప్ చార్జర్ లాంటి చిన్న అడాప్టరే తగినది.

చప్పుడు ఇంకో సంగతి. రాక్ సర్వర్‌లో ఒక అంతస్తు ఎత్తు 44.45 మిల్లీమీటర్లు. ఒక్క అంతస్తు సర్వర్‌లో పట్టే ఫ్యాన్ నాలుగు సెంటీమీటర్లది. అంత చిన్న రెక్కలతో చాలినంత గాలి తోలాలంటే నిమిషానికి పదివేల చుట్లకు పైగా తిరగాలి. ఫ్యాన్ వేగం రెట్టింపైతే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది, దానికయ్యే కరెంటు ఎనిమిది రెట్లవుతుంది. మా తమ్ముడి హాస్టల్‌లో, ఒకే గదిలో నలుగురు పడుకునేచోట ఇది పెట్టలేం. మే నెలలో ఆ 120 వాట్లూ వేడిగా మారి ఆ గదిలోనే ఉంటాయి. తినే ప్రతి వాట్ చివరికి వేడే అవుతుంది.

ఇప్పుడు డిస్కు. నేను అన్నిటికంటే ఎక్కువ నేర్చుకున్నది ఇక్కడే.

మొదటి యంత్రంలో నాకు ఒకే హార్డ్‌డిస్క్ ఉండేది, రెండు టెరాబైట్లది. దాని మీద మూడు వీఎంలతో కుబర్నెటీస్ క్లస్టర్ కట్టాను. కట్టిన గంటకు, మూడు వీఎంలూ తమలోంచి ఎన్నుకున్న నాయకుడు పోయాడని కబురు వచ్చింది. మళ్లీ ఎన్నిక జరిగింది. పది నిమిషాలకు మళ్లీ పోయాడు. నెట్‌వర్క్ తప్పనుకున్నాను. కేబుల్ మార్చాను, వర్చువల్ స్విచ్ మళ్లీ కట్టాను, ఫైర్‌వాల్ మొత్తం తీసేశాను. మూడు రాత్రులు గడిచాయి. మూడో రాత్రి అనుకోకుండా డిస్కు వేచివుండే సమయం చూపించే ప్రోగ్రాం తెరిస్తే, ఒక్కొక్క రాతకు రెండు మూడు వందల మిల్లీసెకన్లు పడుతోంది.

లెక్క వేస్తే అలాగే ఉండాలి కూడా. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కుకు ఒక చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు. కావలసిన చోటు తల కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే నాలుగు మిల్లీసెకన్ల పైన. తల ఆ వరసకు జరగడానికి ఇంకో ఎనిమిది, తొమ్మిది. మొత్తం పన్నెండు, పదమూడు. అంటే చెదురుమదురుగా ఉన్న సమాచారం కోసం సెకనుకు సుమారు 80 సార్లకు మించి వెళ్లలేదు. ఒక్క ఆపరేటింగ్ సిస్టమ్ మొదలవడానికే వేలకొద్దీ చిన్న చిన్న చదువులు కావాలి. మూడు వీఎంలు మూడు చోట్లకు లాగుతుంటే తల అటూ ఇటూ పరుగులు పెడుతూనే ఉంటుంది. కుబర్నెటీస్ తన జ్ఞాపకమంతా ఎట్‌సీడీ అనే డేటాబేస్‌లో పెట్టుకుంటుంది. ఆ డేటాబేస్ ప్రతి మార్పునూ డిస్కు మీద నిజంగా పడిందని ఖాయం చేసుకున్నాకే ముందుకు కదులుతుంది. నూటికి తొంభైతొమ్మిది సార్లు ఆ ఖాయం పది మిల్లీసెకన్ల లోపు జరగాలని దాన్ని తయారుచేసినవాళ్లు సిఫారసు చేస్తారు. నాయకుడు వంద మిల్లీసెకన్లకొకసారి తాను బతికే ఉన్నానని చెప్పాలి. ఒక సెకను వినపడకపోతే మిగతావాళ్లు ఎన్నిక పెట్టేస్తారు. నా నాయకుడు బాగానే ఉన్నాడు. డిస్కు కోసం వరసలో నిలబడి ఉన్నాడు, అంతే. మర్నాడు ఒక మామూలు సాటా ఎస్ఎస్‌డీ తెచ్చి పెట్టాను. దానికి ఒక చదువుకు పదోవంతు మిల్లీసెకను చాలు. ఎన్నికలు ఆగిపోయాయి.

కాబట్టి వీఎంలు ఎస్ఎస్‌డీ మీద ఉండాలి. చర్చ లేదు. ఎస్ఎస్‌డీ అరిగిపోతుందన్న భయం కొంచెం ఎక్కువైంది. ఒక టెరాబైట్ మంచి డిస్కుకు తయారీదారు 600 టెరాబైట్ల రాతకు హామీ ఇవ్వడం మామూలే. రోజుకు 50 జీబీలు రాసినా అది 12,000 రోజులు, దాదాపు ముప్పైమూడేళ్లు. వీఎంల చిన్న చిన్న రాతల వల్ల డిస్కు లోపల ఒకటికి నాలుగు రెట్లు అరిగిందనుకున్నా ఎనిమిదేళ్లు. మరీ చవక డిస్కుల్లో ఈ హామీ చాలా తక్కువ ఉంటుంది, కొనే ముందు ఆ అంకె చూడండి. వాడిన ఎంటర్‌ప్రైజ్ ఎస్ఎస్‌డీ నమ్మకమైన చోట దొరికితే నేను దాన్నే తీసుకుంటాను. అందులో చిన్న చిన్న కెపాసిటర్లు ఉంటాయి. కరెంటు పోయినా, చేతిలో ఉన్నది రాసి ముగించేంత శక్తి వాటిలో దాచి ఉంటుంది. ఆ ధైర్యంతో అది, రాత తన తాత్కాలిక మెమరీలోకి చేరగానే, అయిపోయిందని జవాబిస్తుంది. డేటాబేస్‌లకు అది కంటికి కనిపించే తేడా. పెద్ద హార్డ్‌డిస్కులు బ్యాకప్‌లకూ సినిమాలకూ ఇప్పటికీ చక్కగా పనికొస్తాయి. వాటిలో ఎస్ఎంఆర్ రకం మాత్రం చూసి వదిలేయండి. ఇంటి పైకప్పు పెంకుల్లా పక్క వరస మీదికి ఎక్కించి రాసే పద్ధతి అది. ఒకటి మార్చాలంటే పక్కవాటిని కూడా తిరగరాయాలి.

నెట్‌వర్క్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. వీఎంలు తమలో తాము మాట్లాడుకునే మాటలు పెట్టె దాటి బయటికే రావు, అవి మెమరీ వేగంతో పోతాయి. బయటికి ఒక గిగాబిట్ పోర్టు చాలు. వీఎంవేర్ వాళ్ల హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్ఐ నేర్చుకోవాలనుకునేవాళ్లు మాత్రం ఇంటెల్ నెట్‌వర్క్ చిప్ ఉందో లేదో చూసుకోవాలి. చవక బోర్డుల మీద ఉండే రియల్‌టెక్‌ను అది దానంతటదే గుర్తించదు. 2024 మొదట్లో దాని ఉచిత ప్రతిని ఆపేసినప్పుడు ఇంటి ల్యాబ్‌లవాళ్లు చాలామంది ప్రాక్స్‌మాక్స్ అనే ఇంకో హైపర్‌వైజర్‌కు మారారు. అది లినక్స్ మీద నడుస్తుంది, లినక్స్‌కు తెలియని నెట్‌వర్క్ చిప్ తక్కువ.

ఇంతకీ ఏం కొనాలి? ఆఫీసుల్లో మానిటర్ వెనక బిగించే లీటరు పరిమాణపు డెస్క్‌టాప్‌లు. లెనోవోలో థింక్‌సెంటర్ టైనీ, డెల్‌లో ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీలో ఎలైట్‌డెస్క్ మినీ. కంపెనీలు వీటిని లీజుకు తీసుకుని కొన్నేళ్లు వాడి వదిలేస్తాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరమో ఆపైదో కావాలి. ఆరు, ఏడు తరాల యంత్రాలు ఆఫీసులకు ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. మన హైపర్‌వైజర్ లినక్స్ కాబట్టి దానికి ఈ గీతతో పని లేదు. డబ్బు మరీ బిగువుగా ఉంటే ఆరో తరం నాలుగు కోర్లది చాలు. కాస్త వెసులుబాటు ఉంటే ఎనిమిదో తరం ఆరు కోర్లది తీసుకోవాలి. ఆ తరంలోనే ఐ5 కోర్లు ఒక్కసారిగా నాలుగు నుంచి ఆరయ్యాయి. స్టిక్కుల స్లాట్లు రెండుంటాయి, పదహారు పదహారు పెడితే ముప్పైరెండు. కొత్తదే కావాలంటే ఎన్100 చిప్ ఉన్న చిన్న పెట్టెలున్నాయి. కరెంటు ఇంకా తక్కువ తింటాయి. అధికారికంగా వాటి మెమరీ పరిమితి 16 జీబీ. పార్కింగ్ అక్కడే నిండిపోతుంది. స్క్రీన్ పగిలిన లాప్‌టాప్ ఇంట్లో ఉంటే ముందు దానితోనే మొదలుపెట్టండి. బ్యాటరీ బాగుంటే అదే యూపీఎస్. ఎప్పుడూ చార్జింగ్‌లో ఉండే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది కాబట్టి నెలకోసారి కింద తడిమి చూడాలి.

2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ ధరలు బాగా ఎగబాకాయి. అప్పటి నుంచి నేను అడిగినవాళ్లకు చెప్పేది, ఖాళీ పెట్టె చవగ్గా కొని ర్యామ్ తర్వాత చూసుకుందామనుకోవద్దు. పదహారో ముప్పైరెండో లోపల ఉన్న యంత్రాన్నే బేరమాడాలి.

మా తమ్ముడూ నేనూ ఒక శనివారం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అందరూ సీటీసీ అనే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాం. నాలుగో దుకాణంలో ఐ5-8500టి ఉన్న పెట్టె దొరికింది. కౌంటర్ మీదే దాన్ని వెలిగించి బయోస్‌లోకి వెళ్లాం. మొదట చూసేది అక్కడ పాస్‌వర్డ్ అడుగుతుందా అని. కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ తీయకుండా వచ్చిన యంత్రంలో వీటీ-డీ ఆన్ చేయడం కూడా మన చేతిలో ఉండదు. ఇది అడగలేదు. రెండు స్లాట్లలోనూ విడివిడిగా స్టిక్కు మార్చి వెలిగించాం, ఒక స్లాట్ చచ్చిన యంత్రాలు ఉంటాయి కాబట్టి. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ తెరిచి డిస్కు ఎన్ని గంటలు నడిచిందో చదివాం. పంతొమ్మిది వేల గంటలు. అది తీసేసి, కొత్త ఎస్ఎస్‌డీకి విడిగా డబ్బిచ్చాం. అడాప్టర్ అసలుదేనా, యంత్రం అడిగే వాట్లకు సరిపోతుందా చూశాం. చాలని అడాప్టర్ పెడితే కొన్ని యంత్రాలు ప్రాసెసర్‌ను బలవంతంగా నెమ్మదింపజేస్తాయి, కారణం నెలల తరబడి అంతుపట్టదు.

"సార్, ఇంతసేపు చూసినోళ్లు లేరు," అన్నాడు దుకాణదారు, టీ తెప్పిస్తూ.

ఆ రాత్రి మెమ్‌టెస్ట్ నడిచింది. తెల్లారేసరికి తప్పులు సున్నా. ప్రాక్స్‌మాక్స్ ఎక్కించే ముందు వాడితో బయోస్‌లో ఇంకొక్క సెట్టింగ్ మార్పించాను. కరెంటు పోయి వస్తే ఏం చేయాలన్నది అది. మామూలుగా యంత్రం ఆగిపోయే ఉంటుంది. దాన్ని వెంటనే లేచేలా పెట్టాడు. ప్రాక్స్‌మాక్స్‌లో వీఎంలు లేచే వరస కూడా రాసుకున్నాడు. చిరునామాల వీఎం ముందు, ముప్పై సెకన్లు ఆగి డేటాబేస్, ఆ తర్వాత మిగతావి.

వేసవిలో ఒకరోజు వాడి హాస్టల్ వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలి రాత్రంతా కరెంటు లేదు. వాడు ఆ వారం ఒంగోల్లో ఉన్నాడు. తెల్లవారుజామున నాలుగుంబావుకు కరెంటు వచ్చింది. నాలుగు ఇరవైకి వాడి ఫోన్‌కు క్లస్టర్ నుంచి సందేశం వచ్చింది, మూడు యంత్రాలూ సిద్ధంగా ఉన్నాయని.